గుమ్మం దగ్గరి సేవ, పీఠం దగ్గరి సేవ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కథోలిక విచారణల్లో (ఒక గురువు పర్యవేక్షణలో ఉండే స్థానిక సంఘాల్లో) స్వచ్ఛందంగా పూజా సేవలు, ఆతిథ్య సేవలు చేస్తున్నవారి నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చింత కనబడుతోంది. ఎవరికి ఏ సేవ దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న లెక్కలో పడి అసలు సేవ ఎలా చేయాలన్న ప్రశ్న వెనక్కి పోతోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: చాలా ఏళ్లుగా మా విచారణలో ఆదివారం పూజలో బైబిలు నుంచి మొదటి పఠనం నేనే చదువుతున్నాను. కొత్తగా వచ్చిన విచారణ గురువులు సేవల జాబితా మార్చి, పఠనాలు కొత్తవారికి అప్పగించి, నన్ను ద్వారం దగ్గర స్వాగత సేవకు రమ్మన్నారు. వాక్య పీఠం నుంచి దించి గుమ్మంలో నిలబెట్టినట్లు మనసుకు కష్టంగా ఉంది. తెలిసినవాళ్లు కూడా ఏం జరిగిందని ఆరా తీస్తున్నారు. ఫాదర్‌గారిని అడగమంటారా, మౌనంగా తప్పుకోమంటారా?

జవాబు: తప్పుకోవద్దమ్మా. ఫాదర్‌గారిని అడగడంలో తప్పేమీ లేదు, మనసులో పెట్టుకుని కుమిలిపోవడం కంటే అదే మేలు. అయితే అడగబోయే ముందు, మీ చేతికిచ్చిన పని ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడమని నా మనవి.

ద్వారం దగ్గరి సేవ ఈమధ్య పుట్టినది కాదు. క్రీ.శ. 251 ప్రాంతంలో రోమ్ పీఠాధిపతి (బిషప్) కొర్నేలి రాసిన ఒక లేఖలోని భాగాన్ని చరిత్రకారుడు యుసేబియస్ తన గ్రంథంలో భద్రపరిచాడు. ఆనాటి రోమ్ సంఘంలో 46 మంది గురువులు, ఏడుగురు డీకన్లు (గురువుల కింది మెట్టు సేవకులు), ఏడుగురు ఉపడీకన్లు, 42 మంది పీఠసేవకులు (బలిపీఠం దగ్గర సాయపడేవారు) ఉన్నారని, దుష్టాత్మలను వెళ్లగొట్టేవారు, పఠనకర్తలు, ద్వారపాలకులు అంతా కలిసి 52 మంది ఉన్నారని, ఆ సంఘం 1500 మందికి పైగా విధవరాండ్రను, దిక్కులేనివారిని పోషిస్తోందని ఆ లేఖ చెబుతుంది. పఠనకర్తనూ ద్వారపాలకుణ్నీ ఆయన ఒకే లెక్కలో కలిపి చెప్పడం గమనించండి. మీరు ఇంతకాలం చేసిన సేవ, ఇప్పుడు మీకు అప్పగించిన సేవ 1700 ఏళ్లకు పైబడి ఇరుగుపొరుగున ఉన్నవే. తర్వాతి శతాబ్దాల్లో ద్వారపాలకుడి పదవి గురుపట్టానికి వెళ్లే దారిలో ఒక మెట్టుగా మారింది. పోపు ఆరవ పౌలు 1972 ఆగస్టు 15న ఆ చిన్న పట్టాలను రద్దుచేసి, పఠనకర్త సేవను, పీఠసేవను మాత్రం నిలిపి, వాటిని సామాన్య విశ్వాసులకు అప్పగించదగిన సేవలుగా నిర్ణయించారు. ద్వారం దగ్గరి పట్టా పోయింది గానీ పని పోలేదు. రోమా పూజాగ్రంథానికి ముందుండే సాధారణ నిర్దేశాల్లో 105వ పేరా చూడండి. పూజావస్తువులను సిద్ధం చేసేవారు, కానుకలు సేకరించేవారు, విశ్వాసులను ద్వారం దగ్గర పలకరించి తగిన చోట కూర్చోబెట్టేవారు, ఊరేగింపులు సాఫీగా నడిచేలా చూసేవారు పూజలో సేవ చేసేవారిలో భాగంగానే అక్కడ కనిపిస్తారు.

ఇక ఈ పనిలోని బరువు. యాకోబు తన లేఖ రెండో అధ్యాయంలో మన సమావేశంలోకి ఇద్దరు వచ్చారనుకోండి అంటాడు. ఒకరి వేలికి బంగారు ఉంగరం, ఒంటిమీద మెరిసే బట్టలు. రెండోవాడు మాసిన బట్టలతో వచ్చిన పేదవాడు. మొదటివాణ్ని చూసి ‘మీరు ఇక్కడ సుఖంగా కూర్చోండి’ అని, రెండోవాణ్నేమో ‘నువ్వు అక్కడ నిలబడు’ అని అంటే ఆ క్షణంలోనే మీరు దుర్బుద్ధిగల న్యాయాధిపతులయ్యారని గద్దిస్తాడు. ఆ తప్పు బలిపీఠం దగ్గర జరిగింది కాదు, సరిగ్గా ఇప్పుడు మీరు నిలబడబోయే చోటనే జరిగింది. పునీత బెనెడిక్ట్ తన మఠ నియమావళి 53వ అధ్యాయంలో వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునే చేర్చుకున్నట్లు చేర్చుకోమంటాడు. 66వ అధ్యాయంలో మఠం ద్వారం దగ్గర వివేకం గల వృద్ధుణ్ని ఉంచమని, ఎవరైనా తలుపు తట్టగానే ఆయన ‘దేవునికి కృతజ్ఞతలు’ అని పలకాలని రాశాడు. అనుభవం లేనివారిని కాదు, మాట తీసుకోవడం, మాట చెప్పడం తెలిసిన పెద్దమనిషినే అక్కడ పెట్టమన్నాడు. మీ ఫాదర్‌గారు మిమ్మల్నే ఎంచుకోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు కదా.

ఆచరణలో ఈ సేవ చాలా సూక్ష్మమైనది. పూజ మొదలయ్యే సమయానికి మీరు వెళ్తే ఆలస్యమైనట్లే, కనీసం అరగంట ముందు అక్కడ ఉండాలి. తెలిసినవారితో కబుర్లలో పడితే తెలియనివారు మీ పక్కనుంచే నెమ్మదిగా లోపలికి వెళ్లిపోతారు, నిజానికి పలకరింపు అవసరమైనది వాళ్లకే. కొత్తవారిని కుటుంబం గురించీ ఉద్యోగం గురించీ గుచ్చిగుచ్చి అడగకండి. ‘రండి, బాగా వచ్చారు’ అన్న మాట, ఒక పాటల పుస్తకం, కావాలంటే పక్కన కూర్చోవడానికి ఒక మనిషి, అంతవరకే చాలు. చక్రాల కుర్చీలో వచ్చినవారిని అందరికంటే వెనుక ఒంటరిగా ఉంచకుండా, ఇంటివారితో కలిసి కూర్చోగలిగే చోటు ముందే ఖాళీగా పెట్టండి. చంటిబిడ్డ ఏడిస్తే తల్లి వైపు తిరిగి చూడకండి. ఆమె తనంతట తానుగా లేచి వస్తే తలుపు తెరిచిపట్టి, బిడ్డ ఊరుకున్నాక తిరిగి లోపలికి రమ్మని చెప్పండి. ఆలస్యంగా వచ్చినవారిని పఠనం మధ్యలో నడవలోకి పంపకుండా, పఠనం ముగిసి కీర్తన మొదలయ్యేదాకా వెనుకనే ఆపండి. అయితే ఆ ఆపడంలో చిరాకు కనబడకూడదు. ఎన్నో ఏళ్ల తర్వాత ధైర్యం చేసి గుడిమెట్లు ఎక్కినవారు కూడా ఆ ఆలస్యంగా వచ్చినవారిలో ఉండవచ్చు. మీ ముఖం చూసే వాళ్లు లోపలికి రావాలో వెనక్కి పోవాలో తేల్చుకుంటారు.

పఠనం మీద మీకున్న ప్రేమ సంగతి కూడా ఫాదర్‌గారితో చెప్పండి. కొత్తవారికి తర్ఫీదు ఇచ్చే పని మీరే అడిగి తీసుకోవచ్చు.

ప్రశ్న: వచ్చే నెల నుంచి నాకు పఠనాలు అప్పగించారు. నాకు బాగా చదవడం వచ్చు, స్పష్టంగా మాట్లాడగలను. ఇంకా ప్రత్యేకంగా సిద్ధపడవలసింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. బాగా చదవడం వచ్చినవారే సిద్ధపడకుండా వెళ్తారు, వాళ్లే ఎక్కువగా తడబడతారు.

పౌలు లేఖల్లో ఒక వాక్యం నాలుగైదు పంక్తులు సాగుతుంది. అసలు క్రియ ఎక్కడుందో ముందుగా తెలియకపోతే ఊపిరి మధ్యలో తెగి, వినేవారికి ముక్కలు మాత్రమే అందుతాయి. కాబట్టి వారం మొదట్లోనే ఆ భాగాన్ని బైబిలులో ముందు వెనుకల అధ్యాయాలతో కలిపి చదవండి. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో తెలుసుకున్నాక గొంతెత్తి చదివి, ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకోండి. పెంతెకోస్తు పండుగనాటి పఠనంలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అంటూ వచ్చే జాబితా వంటిది మీ వంతుకు వస్తే, ఆ పేర్లు నోటికి పట్టేదాకా పలకండి. అక్కడ చదివేవారు నవ్వుతూ తడబడితే, సకల జనాలూ తమ తమ భాషల్లో దేవుని మహాకార్యాలు విన్నారన్న అద్భుతం వినేవారికి అందకుండా పోతుంది. నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా కొయ్య వేదిక మీద నిలబడి ధర్మశాస్త్రం చదివినప్పుడు, జనానికి అర్థమయ్యేలా వివరంగా చదివారని ఉంది. అప్పుడు జనం ఏడ్చారు. అర్థమైంది కాబట్టే ఏడ్చారు.

కొన్ని చిన్న సంగతులు కూడా ఉన్నాయి. పఠన గ్రంథంలో పఠనానికి పైన ఉండే సారాంశ వాక్యం మీ కోసం ముద్రించినది, దాన్ని పైకి చదవకూడదు. ఫోన్ తెర మీద నుంచో విడి కాగితం నుంచో కాకుండా గ్రంథం నుంచే చదవండి. ఒకే పఠనాన్ని ఇద్దరు పంచుకుని చదవడం తగదని నిర్దేశాలు 109వ పేరాలో స్పష్టంగా చెబుతున్నాయి, ప్రభువు శ్రమల పఠనం ఒక్కటే దానికి మినహాయింపు. సువిశేషం డీకన్‌గానీ గురువుగానీ చదవాలి. పఠనం అయ్యాక కాసేపు మౌనం పాటించే అలవాటు మీ విచారణలో లేకపోతే ఫాదర్‌గారితో మాట్లాడి మొదలుపెట్టండి. వెంటనే పాట అందుకునే తొందరలో ఎన్నో మంచి పఠనాలు మనసుకు అందకుండానే జారిపోతున్నాయి.

మీ ఉత్తరంలో ఆడవాళ్లకు శాశ్వతంగా ఈ సేవ ఇస్తారా అని కూడా అడిగారు. ఇస్తారు. పీఠాధిపతి చేతుల మీదుగా శాశ్వతంగా ఇచ్చే పఠనకర్త, పీఠసేవకుల సేవలు 1972 తర్వాత కూడా మగవారికే పరిమితమై ఉండేవి. పోపు ఫ్రాన్సిస్ 2021 జనవరి 10న శ్రీసభ చట్టంలోని 230వ కానన్‌ను (నిబంధనను) సవరించి వాటిని స్త్రీలకూ తెరిచారు. మీ మేత్రాసనంలో (పీఠాధిపతి పరిధిలోని ప్రాంతంలో) ఆ తర్ఫీదు ఎలా ఇస్తున్నారో విచారణ గురువుల ద్వారా తెలుసుకోండి.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేశాను. మంచాన పడ్డవారికి దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రపరచిన అప్పం) తీసుకువెళ్లే సేవకు పీఠాధిపతి అనుమతితో నన్ను నియమించారు. సంతోషంతోపాటు భయం కూడా ఉంది. ఏ జాగ్రత్తలు పాటించాలి? ఆదివారం పూజలో కూడా పంచిపెట్టవచ్చా?

జవాబు: ఈ సేవకు మొదటి అర్హత మీరు చెప్పిన ఆ భయమే. క్రీ.శ. 155 ప్రాంతంలో పునీత జస్టిన్ రోమ్ చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు పూజను వర్ణిస్తూ, రాలేకపోయినవారికి డీకన్లు సత్ప్రసాదాన్ని తీసుకువెళ్తారని చెప్పాడు. అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను ఆదుకోవడానికి కానుకలు పోగుచేస్తారని కూడా ఆ పేరాల్లోనే రాశాడు. ఆనాటి నుంచీ ఆదివారపు పూజకు రాలేనివాణ్ని కూడా దానిలో భాగస్థుడిగానే సంఘం భావించింది. మీరు తీసుకువెళ్లేది ఆ బంధాన్నే.

మామూలుగా సత్ప్రసాదం పంచేవారు పీఠాధిపతి, గురువు, డీకన్ అని 910వ కానన్ చెబుతుంది. మీవంటివారిని అసాధారణ సేవకులు అంటారు. తగినంతమంది గురువులు లేనప్పుడు, వారు అనారోగ్యంతో ఉన్నప్పుడు, సత్ప్రసాదం స్వీకరించేవారు మరీ ఎక్కువై పూజ అతిగా సాగిపోయేటప్పుడు సాయానికి రావడానికే ఈ నియామకం. పోపు ఆరవ పౌలు కాలంలో 1973 జనవరి 29న వెలువడిన ఆదేశంతో ఈ ఏర్పాటు విస్తృతమైంది. పూజ కాస్త ఎక్కువసేపు పడుతుందన్నది తగిన కారణం కాదని 2004లో వాటికన్ మరోసారి గుర్తుచేసింది. కాబట్టి గురువులు ఇద్దరు ముగ్గురు ఉండి జనం తక్కువగా ఉన్న రోజున మిమ్మల్ని పిలవకపోతే చిన్నబుచ్చుకోకండి. పిలిచిన రోజున, గురువు తాను స్వీకరించాకే బలిపీఠం దగ్గరకు వెళ్లండి. పాత్రను మీరే తీసుకోకుండా ఆయన చేతి నుంచి అందుకోండి.

రోగుల ఇళ్లకు వెళ్లేటప్పుడు పిక్స్ అనే చిన్న మూత పెట్టెలో ఉంచి, గుడి నుంచి నేరుగా ఆ ఇంటికే వెళ్లండి. దారిలో కొనుగోళ్లు, పరామర్శలు, ఫోన్ మాటలు పెట్టుకోకండి. వెళ్లేముందు ఇంటివారికి కబురు చేస్తే శుభ్రమైన గుడ్డ పరిచిన చిన్న బల్ల, ఒక కొవ్వొత్తి, గ్లాసుతో మంచినీళ్లు సిద్ధంగా ఉంచుతారు. రోగి మింగలేని స్థితిలో ఉంటే అతి చిన్న ముక్క ఇచ్చి, వెంటనే నీళ్లు తాగించవచ్చు. ఎంతమాత్రం సాధ్యం కాకపోతే బలవంతం చేయకుండా ప్రార్థించి, ఫాదర్‌గారికి తెలియజేయండి. గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి అడ్డుకాదని 919వ కానన్ చెబుతుంది. ఈ సంగతి తెలియక, తల్లికి గంజి తాగించి తానూ ఇంత తిన్న కూతురు ‘నేను తీసుకోనండి’ అని వెనక్కి తగ్గుతుంది. ఆమెకు మీరే చెప్పండి. అప్పం పొరపాటున కింద పడితే కంగారుపడకుండా భక్తితో తీయండి. గురువుల్లా చేయి చాచి ఆశీర్వదించకుండా, మీ మీద మీరు సిలువ గుర్తు వేసుకుంటూ ప్రభువు మనల్ని దీవించాలని ప్రార్థించండి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసే సంస్కారం) గురువులు మాత్రమే ఇవ్వగలరు కనుక, స్థితి విషమిస్తోందని అనిపించగానే ఆలస్యం చేయకుండా ఆయనను పిలిపించండి.

ఇంకొక్క మాట. సత్ప్రసాదం ఇచ్చి వెంటనే లేచి రాకండి. వారమంతా గోడలను చూసి పడుకున్న మనిషికి మీతో మాట్లాడాలని ఉంటుంది. ఆదివారపు ప్రసంగంలో ఏం చెప్పారో నాలుగు మాటల్లో చెప్పి, ఆయన చెప్పేది విని రండి. అక్కడ విన్న ఇంటి సంగతులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: మా విచారణలో పఠనాలు, పాటలు, పీఠసేవ, పండుగ ఏర్పాట్లు అన్నీ అవే నాలుగు కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. మాలాంటివాళ్లు అడిగితే ‘మనుషులు సరిపోయారు’ అంటారు. మళ్లీ వాళ్లే ఎవరూ ముందుకు రావడం లేదని ప్రకటనల్లో బాధపడతారు.

జవాబు: మీ బాధ న్యాయమైనది. ఆ కుటుంబాల అలసటా నిజమైనదే. ఎవరూ పట్టించుకోని రోజుల్లో గుడిని నిలబెట్టింది బహుశా వాళ్లే. కానీ దీర్ఘకాలం మోసిన భారం మెల్లగా హక్కుగా మారుతుంది, ఆ మార్పు మోస్తున్నవారి కంటే చుట్టూ ఉన్నవారికే ముందు తెలుస్తుంది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన పూజా సంస్కరణ పత్రం 28వ పేరాలో, ప్రతి ఒక్కరూ తమ పాత్రకు చెందినదంతా చేయాలి, దానికి మించి చేయకూడదు అన్న నియమం ఉంది. సాయం చేయగలవారు పలువురు ఉంటే సేవలను పంచుకోవచ్చని సాధారణ నిర్దేశాలు కూడా చెబుతున్నాయి. ఈ రెండింటినీ విచారణ సంఘం సమావేశంలో, ఎవరినీ వేలెత్తి చూపకుండా చదివి వినిపించండి.

ఏ సేవకైనా మూడేళ్లో నాలుగేళ్లో గడువు పెట్టి, గడువు తీరాక కొంతకాలం విశ్రాంతి ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. దిగిపోయేవారికి అది అవమానం కాకుండా ఉండాలంటే గడువు అందరికీ ఒకేలా ఉండాలి, మొదటి రోజునే చెప్పాలి. ఇక ప్రకటనల్లో పిలిస్తే మనుషులు రారు. ఒకరు వచ్చి ‘మీ గొంతు బాగుంది, వచ్చే వారం నాతో కలిసి కూర్చుని చూడండి’ అని పేరు పెట్టి పిలిస్తేనే వస్తారు. పాత పఠనకర్త పక్కన ఒక కొత్తవారు, పాత స్వాగత సేవకుడి పక్కన ఒక పడుచువాడు నెలరోజులు నిలబడితే తర్ఫీదు దానంతట అదే జరుగుతుంది. మీరు కూడా ఈలోగా ఎవరూ అడగని పనితో మొదలుపెట్టండి. పూజ అయ్యాక పాటల పుస్తకాలు సర్దడానికి, బెంచీలు తుడవడానికి ‘మనుషులు సరిపోయారు’ అని ఎవరూ అనరు. అక్కడ పని చేస్తుండగానే పరిచయాలు కలుస్తాయి.

ప్రశ్న: మా గాయక బృందం ప్రతివారం కొత్త పాటలు నేర్చుకుని చాలా చక్కగా పాడుతోంది. అయినా జనం కలిసి పాడటం లేదని పెద్దలు కోప్పడుతున్నారు.

జవాబు: పెద్దలు చెప్పింది నిజం. ప్రతివారం కొత్త పాట అంటే జనానికి ప్రతివారం మౌనమే. నెలకు ఒక కొత్త పాట చాలు, దాన్ని కూడా పూజకు ముందు జనంతో ఒకసారి పాడించి నేర్పండి. శ్రుతి మామూలు గొంతులకు అందేలా తగ్గించండి. దివ్యసత్ప్రసాదం స్వీకరించాక బృందం మాత్రమే పాడే పాట ఒకటి ఉన్నా ఇబ్బంది లేదు గానీ, ‘పరిశుద్ధుడు’ కీర్తన మాత్రం జనం నోటి నుంచి రావాలి.

ప్రశ్న: మావారు వేరే క్రైస్తవ సంఘానికి చెందినవారు. నాతో ప్రతి ఆదివారం పూజకు వస్తారు. ఆయన కూడా ఏదైనా సేవ చేయాలని ఆశపడుతున్నారు. వీలవుతుందా?

జవాబు: తప్పకుండా వీలవుతుంది, చేయలేనివి కొన్ని మాత్రమే. దివ్యసత్ప్రసాదం పంచే సేవ ఆయన చేయలేరు. పూజలో పఠనాలు కూడా కథోలికులే చదవాలని క్రైస్తవ ఐక్యత గురించి 1993లో వెలువడిన వాటికన్ మార్గదర్శక గ్రంథం చెబుతుంది, ప్రత్యేక సందర్భాల్లో తగిన కారణం ఉంటే పీఠాధిపతి అనుమతించవచ్చు. ద్వారం దగ్గర స్వాగతం, వాహనాలు నిలిపే చోట సాయం, పూజ తర్వాత జరిగే తేనీటి పలకరింపు, రోగులను గుడికి తీసుకురావడం, పేదలకు సాయం వంటి వాటికి అడ్డేమీ లేదు. ఫాదర్‌గారికి ముందుగా చెప్పండి. ఒక మాట మాత్రం మీ విచారణవారికి చెప్పాలి. ఆయనను పనికి మాత్రం పిలిచి, పని అయ్యాక ‘మరి మా మతంలోకి ఎప్పుడు వస్తారు’ అని ప్రతివారం అడిగితే అది ఆతిథ్యం అనిపించుకోదు. ఆయన ప్రశ్నలు ఆయన అడిగినప్పుడు జవాబివ్వండి.

ప్రశ్న: కానుకలు సేకరించే సేవలో ఉన్నాను. పూజ అయ్యాక సంచులు పట్టుకుని నన్నొక్కణ్నే గదిలో లెక్కించమంటున్నారు. నా మీద నమ్మకంతోనే అంటున్నారని తెలుసు, అయినా ఇబ్బందిగా ఉంది.

జవాబు: మీ ఇబ్బందిని వెంటనే చెప్పండి. కానుకలను ఏనాడూ ఒక్కరే లెక్కించకూడదు. ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కించి, మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, అందరూ సంతకాలు చేసి, సీలు వేసిన సంచిని ఆ రోజే అప్పగించాలి. లెక్కించేవారు వారం వారం మారితే ఇంకా మంచిది. ఈ జాగ్రత్త మీ నిజాయితీ మీద అనుమానం కాదు. రేపు ఎవరైనా నోరు జారినా మీ పేరుకు మచ్చ రాకుండా కాపాడేది ఇదే. పూజ సమయంలో సేకరించిన డబ్బును బలిపీఠం మీద పెట్టకుండా, దానికి దూరంగా తగిన చోట ఉంచాలన్నది సాధారణ నిర్దేశాల్లోని 73వ పేరా. సంచి తిప్పేటప్పుడు వేయలేనివారి ముందు క్షణం కూడా ఆగకుండా సాగిపోండి. ఈ సేవలోని మర్యాద అంతా అందులోనే ఉంది.